ఏరు అన్న మాట

వెన్నేటి రేవులో ఆ ఉదయం ఏరు మాట్లాడుతోంది. జనం వలలు సర్దుకుంటూనే వింటున్నారు.

"కొండవాగుల ఎర్రనీళ్లు దిగాయి. పులసలు పైకి ఎక్కుతున్నాయి. నీటికుక్క పిల్లల్ని ఈతకు దింపింది."

ఏటి అడుగున పరిచిన స్పర్శతంతువులు చేపల కదలికనూ, ఇసుక జారుడునూ, నీటి వేడినీ పసిగడతాయి. రేవులో నిలబెట్టిన ఏటిగొంతు వాటిని మాటలుగా మారుస్తుంది. ఏ నదికైనా ఆనకట్ట కట్టాలంటే ముందు ఆ నది సమ్మతి తీసుకోవాలని చట్టం. మిగతా నదులన్నీ ఒప్పుకున్నాయి. అడ్డు లేకుండా సముద్రం దాకా పారేది ఇక వెన్నేరొక్కటే.

సమ్మతి అధికారిణి విధాత్రి పద్ధతి ప్రకారం అడిగింది. "వెన్నేరూ, నీకు ఆనకట్ట కట్టమంటావా?"

"మీ ఇష్టం" అంది ఏటిగొంతు.

విధాత్రి చెవిపూసలో పైఅధికారి అన్నాడు. "ఒప్పుకుంది కదా. ముద్ర వేసి వచ్చేయండి."

"అది ఒప్పుకోవడం కాదమ్మా," అంది వల అల్లుతున్న సింగారమ్మ. "ఈ రేవు ఆడవాళ్ల మాటలు పట్టుకెళ్లి ఆ గొంతులో పోశారు. ఒళ్లు మండినప్పుడు మేం అనే మాట అది."

"యంత్రం మాటని అర్థం చూసే ఎంచుకుంటుంది, పెద్దమ్మా."

"నేనూ అదే చెప్తున్నా. చూసే ఎంచుకుంది."

పక్కనున్న కోటమ్మ నవ్వింది. "మా ఆయనకి ముప్పై ఏళ్లయినా తెలీలేదు. ఈవిడకి ఒక్క పూటలో తెలుస్తుందా?"

సింగారమ్మ నవ్వలేదు. "మా చిన్నదాన్ని పిల్లల్లేని ఆడపడుచుకి ఇచ్చేద్దామా అన్నాడు మా ఆయన. మీ ఇష్టం అన్నాను. సంబరంగా ఎత్తుకెళ్లి ఇచ్చొచ్చాడు. అదిప్పుడు నన్ను అత్తా అని పిలుస్తుంది." దారం పళ్లతో తెంపింది. "మీ ఇంట్లో మీరెప్పుడూ అనలేదా తల్లీ?"

విధాత్రికి పాత సమ్మతులు గుర్తొచ్చాయి. ఇంతవరకూ తను సమ్మతి రాసుకున్న నదులన్నీ ఈ మాటే అన్నాయి. వాటికి మాటలు నేర్పిందీ ఇలాంటి రేవుల ఆడవాళ్లే.

"ముద్ర పడలేదేం?" అంది చెవిపూస.

"ఏరు ఒప్పుకోలేదండీ."

"నేను విన్నాను కదా. మీరు వేయకపోతే రేపు ఇంకొకరు వేస్తారు."

"పంపండి. వాళ్లకీ ఈ పెద్దమ్మ చెప్తుంది. నేను మిగతా నదుల దగ్గరికి వెళ్లి మళ్లీ అడుగుతాను."

"కట్టేసినవాటిని అడిగి ఏం లాభం?"

"చట్టం మీదే కదండీ," అంది విధాత్రి. "అవి వద్దంటే కట్టలు తెంచాలి."