వాసవి లాగ్‌బుక్

"ఫోను ఈ బుట్టలో పెట్టండి," అందామె.

వెదురుబుట్ట. అందులో అప్పటికే పది పన్నెండు ఫోన్లు ఉన్నాయి.

"ఎందుకండీ, ఉడకబెడతారేటి?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "గేటు లోపల స్క్రీన్ ఉండకూడదు. పిల్లలకే కాదు, పెద్దలకీ."

"నేను స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీర్ని. ఫర్నేస్ దగ్గర ఏదైనా తేడా వస్తే నాకే ఫోనొస్తుంది."

"మీరు లేకపోతే ఆ ఫర్నేస్ గంటసేపు బతకదేటి?"

బతుకుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు గానీ పదేళ్ల సర్వీసులో మొహం మీద అడిగినవాళ్లు లేరు. ఫోను బుట్టలో పడేశాను.

భిలాయ్ వైశాలి నగర్ చివర ఉన్న ఆ బడి పేరు మాటీ ఆంగన్, అంటే మట్టి వాకిలి. ఊళ్లో అందరూ టైల్స్ వేయించుకుంటుంటే వీళ్లు ఉన్న టైల్స్ పీకించి పేడ అలికించారు. మా తాత శ్రీకాకుళం జిల్లాలో అలాంటి నేల మీదే కూర్చుని చదివాడు. దాన్నుంచి తప్పించుకోడానికే మా నాన్న భిలాయ్ రైలెక్కాడు. ఇప్పుడు ఆయన మనవరాల్ని అదే నేల మీద కూర్చోబెట్టడానికి ఇంటర్వ్యూ పెట్టారు, నాకు.

బల్లలు లేవు, గంట లేదు, గోడ గడియారం లేదు. ఏడేళ్లు నిండేదాకా అక్షరాలు కూడా లేవు. పిల్లలు పిండి పిసుకుతారు, మెంతికూర పెంచుతారు, ఊలు అల్లుతారు. బడి పెట్టిన విక్రమ్ భయ్యా "టెక్నాలజీ బాల్యాన్ని తినేస్తోంది" అని అరగంట చెప్పాడు. ఆయన చేతికున్న స్మార్ట్‌వాచ్ ఆ అరగంటలో నాలుగుసార్లు మోగింది.

అయినా లేచి రాలేకపోయాను. నా కూతురు వాసవికి ఆరేళ్లు. నా పెళ్లి మూడేళ్లకే కోర్టులో ముగిసింది. పిల్ల నాకూ మా అమ్మకీ మిగిలింది. ఇంగ్లీషు మీడియంలో వేసిన ఏడాదికి పిల్ల నోరు మూతపడింది. పొద్దున యూనిఫాం చూస్తే వాంతి. సాయంత్రం ఫోను చేతికిస్తే గానీ ముద్ద దిగదు. "పిల్ల ఎండిపోతంది, ఆ బడి మానిపించీరా నాయనా," అని మా అమ్మ కన్నమ్మ నెత్తీనోరూ బాదుకుంటే ఇక్కడికొచ్చాను. మళ్లీ తప్పు బడిలో వేస్తే వాసవి ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనని నా భయం. భయం వేసినప్పుడు నాకు నోట్లోంచి వెటకారమే వస్తుంది.

"మీ పేరు?" అన్నాను బుట్ట దగ్గరున్నామెతో.

"మణిమాల. వాసవి నా క్లాసులోనే ఉంటాది. ఇక్కడ పేరెంట్స్ కూడా మమ్మల్ని దీదీ అనాలి."

"నేను మేడమ్ అంటాను."

"ఏం, దీదీ అంటే నాలిక అరిగిపోతాదా?"

"మీది మావైపేనా?"

"ఇక్కడే, చరోదా. నాన్నగారు రైల్వే. తాతగారు టెక్కలి నుంచి వచ్చినారు."

"మీరిక్కడ ఊలు అల్లిస్తున్నారని మీ నాన్నగారికి తెలుసా?"

"తెలుసు. ఆయనకో స్వెట్టరు కూడా అల్లినాను. మీకూ కావాలేటి?"

అడ్మిషన్ ఫారం అందుకుని దాని మీద సంతకం పెట్టాను. మూడు నెలలు ట్రయల్. ఆ తర్వాత బడి పిల్లకి సరిపోయిందో లేదో ఇద్దరం చెప్పాలి. అందాకా ఇంట్లో పిల్లని గమనించి రోజూ ఒక నోటుబుక్కులో రాయాలి.

నాకు తెలిసిన రాత ఒక్కటే, షిఫ్ట్ లాగ్. డ్యూటీ దిగేముందు పదేళ్లుగా అదే రాస్తున్నాను. కాబట్టి ఇలా రాశాను:

"06:10 లేచింది. 06:40 పాలు 200 మి.లీ., అందులో 40 గౌను మీద లీకేజి. 07:15 ఏడుపు, దానంతటదే ఆగింది. 13:15 నానమ్మకి హ్యాండోవర్. అసాధారణం ఏమీ లేదు."

మిగతా తండ్రులు సీతాకోకచిలుకల గురించి కవిత్వం రాసుకొచ్చారట. నా నోటుబుక్కు మాత్రం మర్నాడు ఎర్రసిరాతో తిరిగొచ్చింది:

"లీకేజి ఎందుకు అటెండ్ కాలేదు? ఏడుపుకి రూట్ కాజ్ ఏది? ఇట్లు, షిఫ్ట్ ఇన్‌చార్జ్ మణిమాల."

"రూట్ కాజ్: తండ్రి వేసిన జడ," అని రాశాను.

"తండ్రి శనివారం ట్రైనింగ్‌కి రావలెను," అని వచ్చింది.

వెళ్లాను. బయట వాన. మణిమాల కిటికీ ఊచకి మూడు ఊలు పాయలు కట్టి నా చేతికిచ్చింది.

"ఇంత గట్టిగా లాగుతున్నారేటండీ? అది క్రేన్ తాడు కాదు, జడ."

"మీరు పక్కన నిలబడితే చెయ్యి సరిగ్గా ఆడట్లేదు."

"అయితే వాన్లో నిలబడనా?"

"వద్దు, వద్దు," అన్నాను గబుక్కున. ఆమె తల తిప్పేసుకుంది, కానీ నవ్వు చెంప మీద కనిపిస్తూనే ఉంది.

మూడో వారంలో వాసవి నోరు విప్పింది. "నాన్నా, నీ జడ కన్నా దీదీ జడ బాగుంటాది," అంది. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అది లాగ్‌లో రాయలేదు.

ఆ తర్వాత నాకు మతి పోయింది. పొద్దున పిల్లని దింపడానికి పనికొస్తుందని పొద్దుటి 'ఏ' షిఫ్టులన్నీ వదులుకుని మధ్యాహ్నం 'బీ' షిఫ్టులు అడుక్కున్నాను. కంట్రోల్ రూంలో మా సీనియర్ గురునాథరావుగారికి పేడ అలికిన నేల గొప్పతనం మీద లెక్చరిచ్చాను. ఆయన నన్ను ఓసారి డాక్టర్‌కి చూపించుకోమన్నారు. మొదట్లో నేను వెక్కిరించిన తండ్రులు నాకన్నా నయం. వాళ్లు కనీసం పిల్లల కోసం వెర్రివాళ్లయ్యారు.

మూడో నెల చివర మణిమాల నన్ను కూర్చోబెట్టి నోటుబుక్కు ముందు పెట్టింది.

"ఈ బడి వాసవికి సరిపోదు," అంది.

"ఏటంటున్నారు? పిల్ల మాట్లాడుతోంది, తింటోంది, ఫోను ఊసే లేదు."

"ఔను. దానికి ఇక్కడ జరగాల్సిన మేలు జరిగిపోయింది. ఇప్పుడు మీరు రాసిందే వినండి. 'కందిపప్పు ప్యాకెట్ మీద అన్నీ చదివింది. నానమ్మ బీపీ మాత్రల మీద ఎక్స్‌పైరీ అంటే ఏమిటని అడిగింది. కుక్కర్ కూతకీ కూతకీ మధ్య సెకన్లు లెక్కపెట్టింది. అసాధారణం ఏమీ లేదు.' ఏమీ లేదా, ఉదయ్‌గారూ?"

నేను నోటుబుక్కు నా వైపు తిప్పుకున్నాను.

"ఆ పిల్లకి అక్షరాల ఆకలి. మేం ఏడేళ్లదాకా పెట్టం. సోమవారం మెంతి మడిలో పుల్లతో తన పేరు రాసుకుంది. విక్రమ్ భయ్యా కాలితో చెరిపేసినారు, రూలని. ఆ రోజంతా అది మళ్లీ నోరెత్తలేదు. సోమవారం పేజీలో మీరేటి రాసినారో చూడండి."

చూశాను. పిల్ల గురించి ఒక్క లైను, "అసాధారణం ఏమీ లేదు." కింద మణిమాల చీర రంగు గురించి నాలుగు లైన్లు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు ఊరుకోలేదు. "ఏదో ఒక్కసారి చెరిపారు. ఇక్కడ మట్టి ఉంది, గాలి ఉంది, స్వేచ్ఛ..."

"మొదటిరోజు ఇదే మట్టిని వెక్కిరించినారు. ఇప్పుడు ఎవరి కోసం పొగుడుతున్నారు?"

"మీ కోసం," అన్నాను. "మీరంటే నాకు ప్రేమ. పిల్ల బడి మారితే రోజూ మిమ్మల్ని చూసే వీలుండదు."

"నాకు తెలుసు. రెండో నెల నుంచీ తెలుసు. నాకూ పొద్దున్నే ఆ నోటుబుక్కు తెరిచేదాకా టీ దిగదు." ఆమె నోటుబుక్కు మూసేసింది. "కానీ నా కోసం దాన్ని ఇక్కడ మగ్గబెడితే నేను మీ మొహం చూడను. రుఆబాంధాలో మీ ఇంటికి దగ్గర్లో ఓ మామూలు హిందీ బడి ఉంది. వెళ్లి చూసొచ్చినాను. లైబ్రరీ ఉంది, టీచరు నెమ్మదస్తురాలు."

నేను పెరట్లోకి వెళ్లి వాసవి పక్కన కూర్చున్నాను.

"బడి మారదామా?"

మట్టిలో పుల్లతో ఓ గీత గీసింది. "అక్కడ రాసింది చెరపరు కదా?"

"చెరపరు. ఎవరైనా చెరిపితే నాకు చెప్పు. ఈసారి నేను చూస్తాను."

"సరే," అంది.

లోపలికొచ్చి టీసీ ఫారం మీద సంతకం పెట్టాను. మణిమాల దాన్ని తీసుకుని సిరా ఆరేదాకా చూసింది.

"వాసవి నా క్లాసులో ఉండగా దాని తండ్రితో ఈ మాట మాట్లాడటం నాకే బాగోదనిపించింది. ఇప్పుడు చెప్తాను. నాకిష్టమే. ఆదివారం నాన్నగారు ఇంట్లో ఉంటారు. మీ అమ్మగారినీ వాసవినీ తీసుకుని రండి. ఆయన మిమ్మల్ని సతాయిస్తారు, ఓర్చుకోండి."

"మూడు నెలలు మీ దగ్గర ట్రైనింగయ్యాను," అన్నాను.

ఇంతలో వాసవి వచ్చి ఆమె చేతిలోంచి ఫారం లాక్కుంది. బడి మానడానికి కారణం అన్న గడిలో మణిమాల హిందీలో ఒక్క వాక్యం రాసి ఉంచింది. వాసవి వేలు పెట్టి కూడబలుక్కుంటూ, బడంతా వినబడేలా చదివింది. "బచ్చీ... పఢ్‌నా... చాహతీ హై." పిల్ల చదువుకోవాలనుకుంటోంది, అని.

ఆ గొంతు విని విక్రమ్ భయ్యా గదిలోంచి బయటికొచ్చి ఆపమన్నట్టు చెయ్యెత్తాడు.

"చదవనీయండి భయ్యా," అంది మణిమాల. "అది ఇప్పుడు మన బడి పిల్ల కాదు."

వాసవి మళ్లీ మొదటి నుంచి చదివింది, ఈసారి ఎక్కడా ఆగకుండా.