పదిహేడో నంబరు దీపం

ఆ కార్ల ఫ్యాక్టరీలో కార్లు బిగించే లైను వెంట నడిస్తే పదహారో చోటు దాటాక నేరుగా పద్దెనిమిదే వస్తుంది. మధ్యలో పది అడుగుల ఖాళీ నేల. పట్టపగలు కూడా అక్కడ నిలబడి టీ తాగే మనిషి ఉండడు. రాత్రి షిఫ్టువాళ్లయితే తల దించుకుని, అంగలు పెద్దవి చేసుకుని దాటేస్తారు.

ఒకప్పుడు అది సుద్దముక్క తాత చోటు. ఆయన పని ఒక్కటే — ముందువాళ్లు యంత్రంతో బిగించిన బ్రేకు పైపు నట్టును చేత్తో తడిమి చూడడం. బాగుంటే పసుపు సుద్దతో గీత పెట్టేవాడు, తేడాగా ఉంటే తలపైన వేలాడే తాడు లాగేవాడు. తాడు లాగితే లైను ఆగుతుంది, హెచ్చరికగా ఒక పాట మోగుతుంది, పైన బోర్డు మీద ఆ చోటి నంబరు వెలుగుతుంది. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి ముందు థాంక్స్ చెప్పాలి, ఆ తర్వాతే ఎందుకు లాగావని అడగాలి. ఎంత కోపమున్నా ఆ వరస తప్పకూడదు. అది అక్కడి కట్టుబాటు.

తర్వాత వృథా తగ్గిస్తామంటూ కొందరు గడియారాలు పట్టుకుని దిగారు. యంత్రం బిగించినదాన్ని మళ్లీ మనిషి తడమడం దండగన్నారు. ముప్పై ఏళ్ల చోటును మూడు రోజుల్లో ఎత్తేసి, తాతను స్టోర్సులో అట్టపెట్టెల మధ్య కూర్చోబెట్టారు. నెల తిరక్కుండానే ఆయన పోయాడు.

ఆ మరుసటి వారమే... బోర్డు మీద పదిహేడు వెలిగింది.

అప్పట్నుంచి వెలుగుతూనే ఉంది. తాడు లేదు, లాగే చెయ్యి లేదు. లైను మాత్రం ఆగుతుంది. జనం హడలిపోయారు, పైవాళ్లు మండిపడ్డారు. చివరికి కంప్యూటర్ సెక్షన్ మేడంని పిలిచి, తెల్లారేలోగా ఆ నంబరును సిస్టమ్‌లోంచి పీకేయమన్నారు.

ఆవిడకి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఉద్యోగం మీద భయం మాత్రం ఉంది, ఎందుకంటే తమ్ముణ్ని కూడా ఆమే చెప్పి ఆ ఫ్యాక్టరీలో పెట్టించింది. వాడు చేరి రెండు వారాలైంది. తయారైన కార్లను వెనక ట్రాక్ మీద నడిపి చూడడం వాడి పని. గోడకేసి వేగంగా పోయి బ్రేకు తొక్కడమే మొదటి పరీక్ష.

తెల్లవారుజామున నాలుగింటికి ఆమె లాప్‌టాప్ పట్టుకుని ఆ ఖాళీ నేల దగ్గరికి వెళ్లింది. లైను సూపర్‌వైజరు కూడా వచ్చాడు గానీ, నాలుగడుగుల ఇవతలే ఆగిపోయాడు. షిఫ్టు మొదట్లో ఓసారి వెలిగిందనీ, రీసెట్ నొక్కేసి కారును పంపించేశాననీ చెప్పాడు.

"కారును చూశారా?"

"ఎవరూ లాగకపోతే ఏం చూడమంటారు మేడం?"

ఎలకలు వైరు కొరికి ఉంటాయనుకుని ఆమె ఆ చోటి స్తంభం మీదున్న వైర్ల పెట్టె తెరిచింది. లోపల వైర్లే లేవు. దుమ్ము, ఒక పసుపు సుద్దముక్క — అంతే. ఆమె గబగబా లాప్‌టాప్ తెరిచి పదిహేడును చెరిపేసింది. జాబితాలో పదహారు తర్వాత పద్దెనిమిది. హమ్మయ్య అనుకుంది.

అప్పుడు మోగింది పాట.

లైను ఆగిపోయింది. పైన పదిహేడు ఎర్రగా వెలుగుతోంది... ఖాళీ నేల ముందు ఒక తెల్ల కారు సరిగ్గా వచ్చి నిలబడి ఉంది. సూపర్‌వైజరు చెయ్యి రీసెట్ మీదికి పోయింది.

"ఆగండి," అంది ఆమె గొంతు తగ్గించి.

మోకాళ్ల మీద కూర్చుని కారు కిందికి చెయ్యి పోనిచ్చింది. తాత తడిమిన చోటే తడిమింది. నట్టు దొరికింది. రెండు వేళ్లతో పట్టుకోగానే — తిరిగింది.

దీపం అబద్ధం చెప్పడం లేదు. ఇన్నాళ్లూ ఎవరూ కారు వంక చూడలేదు. మరి షిఫ్టు మొదట్లో పంపించేసిన కారు?

రీసెట్ నొక్కిన వేళను బట్టి ఆ కారు నంబరు వెతికి లాప్‌టాప్‌లో కొట్టింది. ఎక్కడుంది — పరీక్ష ట్రాక్. నడిపేది — తమ్ముడి పేరు.

ఫోన్ చేసింది. మోగుతోంది... మోగుతోంది... తీయడం లేదు. మళ్లీ చేసింది. వెనక సూపర్‌వైజరు రీసెట్ నొక్కుతూనే ఉన్నాడు, దీపం ఆరడం లేదు. మూడోసారికి తీశాడు.

"ఎక్కడున్నావురా?"

"కార్లోనే అక్కా. ఇంకా కదల్లేదు." వాడు గుసగుసగా మాట్లాడుతున్నాడు. "ఎవరో పెద్దాయన అడ్డంగా నిలబడ్డాడు. హారన్ కొట్టినా జరగడం లేదు. చేతిలో ఏదో పసుపుపచ్చగా... సుద్దముక్కలా ఉంది."

వాడు తాతను ఎన్నడూ చూసినవాడు కాదు. ఆయన సంగతి ఆమె వాడితో ఎన్నడూ అన్నదీ లేదు.

"ఇంజన్ ఆపి, దిగు," అంది. "దిగి... ముందు ఆయనకి థాంక్స్ చెప్పు."

ఫోన్‌లో తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత తమ్ముడి గొంతు, చిన్నగా, భయంభయంగా, ఆ ఒక్క మాట.

ఆమె తలపైన పాట ఆగిపోయింది. పదిహేడు ఆరిపోయింది.