సాయంత్రమైతే పోయే బొమ్మ

పొద్దున్నే టీవీలో బొమ్మ అద్దంలా ఉంది.

గోపీనాథ్ సోఫా అంచున కూర్చుని, కాఫీ కప్పు మోకాలి మీద ఆనించుకుని చూస్తున్నాడు. వాతావరణం చెబుతున్న అమ్మాయి చెవి కమ్మలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. మధ్యాహ్నం నుంచి వీళ్లుండే నేపర్‌విల్ వైపు చలిగాలి అంటోంది. ఆ బొమ్మ ఏ కంపెనీ తీగలోంచీ రావడం లేదు. షికాగోలోని టవర్ల నుంచి గాల్లో ప్రయాణం చేసి, ఈ ఇంటి అటక మీదున్న యాంటెనాకి తగిలి కిందికి దిగుతోంది. చెక్క పలక, రాగి తీగ, గుప్పెడు స్క్రూలు. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఆయన స్వయంగా కట్టుకున్న యాంటెనా అది.

"కామేశ్వరీ, వచ్చి చూడు. ఎక్కడైనా చిన్న మచ్చ ఉందా?"

వంటింట్లోంచి భార్య అట్లకాడతోనే వచ్చింది. "బాగుందండీ. నిన్నా బాగుంది, మొన్నా బాగుంది. సాయంత్రం వాడు వచ్చేసరికే దీనికేదో పుడుతుంది."

"నీ కొడుకుని చూస్తే సిగ్నల్‌కి కూడా భయం."

"జోకులు తర్వాత. ముందు ఫోన్‌తో వీడియో తీసి వాడికి పంపండి. గొడవ వదిలిపోతుంది."

గోపీనాథ్ కప్పు బల్ల మీద పెట్టాడు. "నా కొడుక్కి నా మాట చాలదా? సాక్ష్యం కూడా పంపాలా?"

అసలు గొడవ అక్కడే ఉందని కామేశ్వరికి తెలుసు.

దీపావళి వెళ్లాక కేబుల్ తీసేశారు. కొడుకు అనూప్ రెండు దారులు చెప్పాడు. స్ట్రీమింగ్ పెట్టుకోండి, లేదా యాంటెనా బిగించే మనిషిని పిలుస్తాను. గోపీనాథ్ నవ్వేశాడు. పవర్ కంపెనీలో ఇంజనీరుగా రిటైరైన మనిషి నాలుగు తీగలు వంచడానికి ఇంకొకరిని పిలవాలా? హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాడు, సామాను తెచ్చాడు, గరాజ్‌లో కూర్చుని కట్టాడు, అటక ఎక్కి టవర్ల వైపు తిప్పి బిగించాడు. మొదటిసారే బొమ్మ పడింది.

అయితే అనూప్ చూస్తుండగా ఒక్కసారీ పడలేదు. అతను రోజూ షికాగో ఆఫీస్ నుంచి ట్రైన్ దిగి, తన ఇంటికి వెళ్లే దారిలో ఇక్కడ ఆగి టీ తాగుతాడు. శని, ఆదివారాలు పిల్లల క్లాసులతోనే సరిపోతుంది. సాయంత్రం అతను తలుపు తీసేసరికి న్యూస్ చదివే మనిషి మొహం ముక్కలు ముక్కలైపోయేది. కాసేపటికి ఆ ముక్కలు కూడా పోయి నల్లటి తెర మిగిలేది.

"మధ్యాహ్నం దాకా బ్రహ్మాండంగా ఉందిరా," అనేవాడు గోపీనాథ్.

మొదటి రోజు అనూప్ నవ్వాడు. మూడో రోజు నవ్వలేదు. రెండో వారానికి తండ్రి వైపు చూసే చూపే మారిపోయింది. నిన్న టీ కప్పు కింద పెట్టి, మతిమరుపు పరీక్షలు చేసే మెమరీ క్లినిక్‌లో నీకు మంగళవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నానన్నాడు. వయసైనవాళ్లు ఉండే ఒక సీనియర్ కమ్యూనిటీలో అపార్ట్‌మెంట్‌కి మీ పేర్లు కూడా ఇచ్చానన్నాడు. "జస్ట్ ఇన్ కేస్, నాన్న."

ఆ మాట గోపీనాథ్‌ని రాత్రంతా పొడుస్తూనే ఉంది. యాంటెనా పనిచేయకపోతే కొడుకు ఆయన బుర్ర పనిచేయడం లేదనుకుంటున్నాడు. ఆ లెక్కన ఈ ఇల్లు కూడా చేజారుతుంది.

ఫోన్ మోగింది. అనూప్. కామేశ్వరి స్పీకర్‌లో పెట్టింది.

"నాన్న, ఇవాళ ఫైవ్‌కి యాంటెనా ఇన్‌స్టాలర్ వస్తున్నాడు. నేను ఎర్లీ ట్రైన్ పట్టుకుని వచ్చేస్తా. నువ్వు మాత్రం ఆటిక్ ఎక్కకు, ప్లీజ్."

"నేను ఎవరినీ పిలవలేదే."

"నేను బుక్ చేశా."

"నా ఇంటికి?"

"మొన్న ఆటిక్‌లో నీ కాలు స్లిప్ అయి గెస్ట్ రూమ్ సీలింగ్ క్రాక్ అయింది. నువ్వు చెప్పలేదు, నేనే చూశా. ఇట్స్ నాట్ అబౌట్ ద టీవీ, నాన్న."

"మరి దేని గురించి?"

అవతల స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినిపించింది. "ఈవినింగ్ మాట్లాడదాం," అన్నాడు అనూప్. లైన్ కట్ అయింది.

గోపీనాథ్ టీవీ మీంచి చూపు తిప్పి భార్య వైపు చూశాడు. గొంతు తగ్గింది.

"కామేశ్వరీ, నిజంగా బొమ్మ బాగుందా? నా మనసు కష్టపెట్టకూడదని అలా అనడం లేదు కదా?"

పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన తన కళ్లను తాను నమ్మకపోవడం ఇదే మొదటిసారి.

"నా మీద ఒట్టు. బాగుందండీ," అంది.

మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన అటక ఎక్కాడు. ప్రతి అతుకూ తడిమాడు. ప్రతి స్క్రూ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. దిగి వచ్చేసరికి కిటికీలో వెలుగు పలచబడుతోంది. నవంబరు కదా, నాలుగున్నరకే చీకటి. కామేశ్వరి మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. ఆ వెంటనే న్యూస్ చదివే మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. మొహం గళ్లుగళ్లుగా విరిగింది.

అదే సమయానికి కాలింగ్ బెల్ మోగింది.

ఇన్‌స్టాలర్ పేరు గ్రెగ్. భారీ మనిషి. చెప్పకుండానే బూట్లు గుమ్మం దగ్గర విప్పి, చేతిలో మీటర్‌తో అటక ఎక్కాడు. అప్పుడే ట్రైన్ దిగి వచ్చిన అనూప్ కోటైనా విప్పకుండా మెట్ల కింద నిలబడ్డాడు. గ్రెగ్ దిగి వచ్చి అడిగాడు.

"అది ఎవరు కట్టారు?"

"నేను," అన్నాడు గోపీనాథ్.

"పని చాలా శుభ్రంగా ఉంది. కానీ మీటర్‌లో సిగ్నల్ బాగా లేదు. అటకల్లో ఇలాంటి తిప్పలు మామూలే. చిమ్నీ పక్కన పోల్ వేసి కొత్తది పెడితే పోతుంది."

"డూ ఇట్," అన్నాడు అనూప్.

"ఆగు," అన్నాడు గోపీనాథ్. "మధ్యాహ్నం ఇదే యాంటెనాతో బొమ్మ బాగుంది. మధ్యాహ్నం బాగున్నది సాయంత్రం ఎందుకు పోతుందో తెలియకుండా నా ఇంటి కప్పుకి బెజ్జం వేయనివ్వను."

"నాన్న, ఇనఫ్! రోజూ ఇదే చెప్తున్నావ్."

"రోజూ నిజమే చెబుతున్నాను."

"మీ నాన్నగారు నిజమే చెబుతున్నారురా," అంది కామేశ్వరి. "నేను చూశాను."

"అమ్మా, నువ్వు నాన్న కోసం ఏమైనా చెప్తావ్. లాస్ట్ ఇయర్ గరాజ్ డోర్‌కి కార్ కొట్టింది నాన్న. నేనే కొట్టానని నువ్వు చెప్పావ్!"

"నేనే కొట్టాను. అయితే ఏంటి?"

"అమ్మా, నీ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయి త్రీ ఇయర్స్ అయింది!"

కామేశ్వరి సాక్ష్యం అంతటితో చెల్లకుండా పోయింది. గ్రెగ్‌కి భాష అర్థం కాలేదు గానీ గొడవ అర్థమైంది. తన మీటర్‌ని శ్రద్ధగా తుడుచుకోసాగాడు.

అనూప్ తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"కొంచెం థింక్ చెయ్, నాన్న. యాంటెనా అదే. టవర్ అదే. టీవీ అదే. సాయంత్రం అయితే ఏం మారుతుంది? చెప్పు. ఏం మారుతుంది?"

గోపీనాథ్ అరవడానికే నోరు తెరిచాడు. అరవలేదు. ఆయన మొహంలో కోపం ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏమన్నావ్? మళ్లీ అను."

"నాన్న, ప్లీజ్..."

"సాయంత్రం ఏం మారుతుంది! రెండు వారాలుగా నా తప్పేదో ఉందని అటక మీదున్నదాన్నే విప్పి కడుతున్నాను. అటక మీద ఏం మారుతుందిరా? మారేదంతా కింద, ఈ ఇంట్లో!"

ఆయన చకచకా కదిలాడు. కరెంట్ పోయినా ఇంటర్నెట్ ఆగకుండా పెట్టుకున్న బ్యాటరీ పెట్టెకి టీవీనీ తగిలించాడు. సొరుగులోంచి టార్చి తీశాడు. కొడుకు భుజం పట్టి టీవీ ముందు నిలబెట్టాడు.

"నువ్వు ఇక్కడే ఉండు. నీ కళ్లతో నువ్వే చూడు. బొమ్మ ఉందో లేదో ఇవాళ నేను చెప్పను, నువ్వు చెప్పు. కామేశ్వరీ, నువ్వు మెట్ల పైన. నా మాట వాడికి, వాడి మాట నాకు అందించు."

"నాన్న, బేస్‌మెంట్‌లోకి ఎందుకు? నాన్న!"

గోపీనాథ్ అప్పటికే దిగిపోయాడు. ఇంటికి కరెంట్ పంచే బ్రేకర్ ప్యానెల్ తలుపు చప్పుడైంది. మరుక్షణం ఇల్లంతా చీకటి. ఫర్నేస్ మూలిగి ఆగింది. ఫ్రిజ్ ఆగింది. ఆ చీకట్లో ఒక్క టీవీ మాత్రం వెలుగుతోంది. అందులో న్యూస్ చదివే మనిషి మొహం, టై మీది చుక్కలతో సహా, అద్దంలా కనిపిస్తోంది.

అనూప్ తెర ముందుకి వంగాడు.

"ఏమైంది? ఉందా?" కింది నుంచి కేక.

"ఉందా అంటున్నారురా!" అంది కామేశ్వరి.

"ఉంది," అన్నాడు అనూప్. "క్లియర్‌గా ఉంది, అమ్మా."

"అయితే ఒక్కొక్క గదికే కరెంట్ వేస్తున్నాను. వంటిల్లు!"

"ఉంది!"

"గరాజ్!"

"ఉంది!"

"పై బెడ్‌రూములు!"

"ఉంది, నాన్న!" అమ్మ అందించేదాకా ఆగలేక అనూప్ తనే అరుస్తున్నాడు.

"డైనింగ్ రూమ్!"

బొమ్మ పగిలిన పెంకుల్లా చెదిరిపోయింది.

"అనూప్?"

"పోయింది, నాన్న."

"ఇప్పుడు?"

"వచ్చింది."

"ఇప్పుడు?"

"పోయింది." అనూప్ చేతులతో మొహం కప్పుకున్నాడు. "మళ్లీ పోయింది, నాన్న."

గోపీనాథ్ మెట్లెక్కి వచ్చేసరికి ముగ్గురూ డైనింగ్ రూమ్ గుమ్మంలో ఉన్నారు. గదిలో కరెంటుతో వెలుగుతున్నది ఒక్క మూల మాత్రమే. దేవుడి మందిరం చుట్టూ బంగారు రంగు బల్బుల దండ. సందె దీపంతో పాటు కామేశ్వరి రోజూ స్విచ్ వేసే దండ. ఆవిడ వంగి ప్లగ్ లాగింది. పక్క గదిలోంచి న్యూస్ చదివే గొంతు స్పష్టంగా వినిపించింది.

"దీని ప్లగ్గులో చవకరకం సర్క్యూట్ ఉంది," అన్నాడు గోపీనాథ్. "అది చేసే రొద సిగ్నల్‌ని మింగేస్తోంది. చీకటి పడితే దండ వెలుగుతుంది, బొమ్మ ఆరిపోతుంది. ఇంతకీ ఎక్కడ కొన్నావు కామేశ్వరీ?"

ఆవిడ కొడుకు వైపు చూసింది. అనూప్ గోడకి ఆనుకుని నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"నేనే. దీపావళికి అమ్మకి ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశా."

గ్రెగ్‌కి సంగతి చెప్పగానే పగలబడి నవ్వాడు. గరాజ్ బల్బులతో ఒకసారి ఇలాగే అయిందన్నాడు. వచ్చినందుకు ఫీజు తీసుకున్నాడు, గోపీనాథ్ చేతిని గట్టిగా ఊపాడు, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఇంట్లో లైట్లన్నీ వచ్చాయి. అనూప్ మాత్రం నేల మీద నుంచి లేవలేదు.

"సారీ, నాన్న."

"దండ కొన్నందుకా? మీ అమ్మకి బాగా నచ్చింది."

"దండ గురించి కాదు." అతను తల ఎత్తలేదు. "రోజూ ట్రైన్‌లో అదే అనుకునేవాణ్ణి. ఇవాళ బొమ్మ ఉండాలి, ప్లీజ్, ఉండాలి అని. తలుపు తీయగానే ఫస్ట్ టీవీ వైపే చూసేవాణ్ణి. అది పోయి ఉంటే... నువ్వే కొంచెం కొంచెం వెళ్లిపోతున్నట్టు ఉండేది."

గోపీనాథ్ కొడుకు పక్కన గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ చూపుని తనిఖీ అనుకున్నాడు. గుమ్మంలో నిలబడి ఆ పిల్లవాడు రోజూ ఒక మొక్కు మొక్కుకుంటున్నాడని ఆయనకి తట్టనే లేదు. ఒక్క వీడియో పంపి ఉంటే సరిపోయేది. మాటకి సాక్ష్యమేమిటని బిగుసుకున్నాడు. కొడుక్కి కావలసింది భరోసా అని ఇప్పుడు తెలిసింది. కళ్లు మసకబారాయి.

"తప్పు నాదీ ఉందిరా. మీ అమ్మ పొద్దున కూడా చెప్పింది, వీడియో పంపమని. పంపలేదు. సీలింగ్ సంగతీ దాచాను. ఇక ఒంటరిగా అటక ఎక్కను. సరేనా?"

అనూప్ తలూపి, ఫోన్ తీశాడు. "అపార్ట్‌మెంట్ వాళ్లకి వద్దని మెసేజ్ పెడుతున్నా. మంగళవారం అపాయింట్‌మెంట్ కూడా క్యాన్సిల్ చేసేస్తా."

"అపార్ట్‌మెంట్ వద్దని చెప్పు. మంగళవారం ఉండనీ."

అనూప్ వేలు ఆగిపోయింది. కామేశ్వరి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ట్రాన్స్‌ఫార్మర్లకి టెస్టులు పెట్టాను," అన్నాడు గోపీనాథ్. "ఒక్కటీ భయపడి పారిపోలేదు. నేనెందుకు పారిపోతాను?"

"మరి నిన్న అంత కోపం ఎందుకు వచ్చింది?"

"నువ్వు నన్ను అడగలేదు. చెప్పావు."

అనూప్ ఫోన్ పక్కన పెట్టాడు. తండ్రి వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. నలభై ఐదేళ్ల మనిషి, మెల్లగా అడిగాడు.

"నాన్న, మంగళవారం నాతో వస్తావా?"

"ఎన్నింటికి?"

"పదింటికి."

"అయితే తొమ్మిదిన్నరకే వచ్చెయ్. ఆలస్యంగా వెళ్లడం నాకు ఇష్టం ఉండదు," అన్నాడు గోపీనాథ్. తన భుజం మీదికి వాలిన కొడుకు తలని అరచేత్తో అలాగే పట్టుకున్నాడు.