వెనక సీటు విద్యార్థి

పొద్దున ఎనిమిదయ్యేసరికి ఆ ఇంట్లో రెండు గొంతులు వినిపిస్తాయి. రెండూ కూతురివే. ఒకటి మూసిన గది తలుపు వెనక నుంచి. రెండోది, ఒక్క క్షణం ఆలస్యంగా, వంటగదిలో స్టూలు మీద కూర్చున్న నాన్న చెవిలోని ఇయర్‌ఫోన్‌లోంచి.

నాన్న ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సులో కండక్టరు. రోజూ వందల మందిని "జరగండి, ఇంకా లోపలికి జరగండి" అని అదిలించిన మనిషి రిటైరయ్యాక మాట్లాడ్డానికి దిక్కులేక ఫ్యానుతో మాట్లాడే స్థితికొచ్చాడు. భార్య ఉన్నన్నాళ్ళూ నడిచిపోయింది. కూతురి కబుర్లు ఆయనకీ, ఆయన చాదస్తం కూతురికీ మోసేది ఆవిడే. ఆవిడ పోయి ఏడాదిన్నర. ఇప్పుడు మిగిలింది ఇద్దరు. ఎదురుపడితే "నువ్వు ముందెళ్ళు" అంటూ తప్పుకుంటారు.

కూతురు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తుంది. వెబ్ పేజీ బొమ్మలా ఊరికే కూర్చోకుండా, మనం అడిగితే పలికేలా స్క్రిప్టు రాయడమెలాగో ఓనమాల నుంచి నేర్పుతుంది. పొద్దున ఉచిత బ్యాచి, ఆ తర్వాత వరసగా ఇంకో నాలుగు. తల్లి పోకముందు మొత్తం రెండే ఉండేవి. సాయంత్రం గదిలోంచి బయటికొచ్చి, "గొంతు పోయింది నాన్నా, రేపు మాట్లాడదాం" అంటుంది. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఎవరు చూశారు!

ఇక లాభం లేదని నాన్న ఆ ఉచిత బ్యాచిలో చేరిపోయాడు. కూతురు పక్కన పడేసిన పాత లాప్‌టాప్ తుడిచి, పేరు రాయమన్నచోట "వెనక సీటు" అని ఒక్క వేలితో కొట్టాడు. కెమెరా ఆపేశాడు. అనుమానాలు రాసి అడిగేవాడు. ఆయన స్క్రిప్టు నేర్చుకోవడానికి చేరాడనుకుంటే మనంత వెర్రివాళ్ళు లేరు.

"వెనక సీటు గారికి బటన్ నొక్కితే ఏమీ జరగట్లేదట," ఆ రోజు క్లాసులో కూతురు నవ్వింది. "మంచి ప్రశ్న సార్. బటన్ పెట్టడం వేరు, నొక్కినప్పుడు ఏం చెయ్యాలో చెప్పడం వేరు. రండి, కలిసి చూద్దాం."

పది నిమిషాలు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. నాన్న మురిసి ముక్కలైపోయాడు. ఆ మురిపెంలో పాలు పొంగి పొయ్యంతా పారాయి.

పదింటికి రెండో బ్యాచి మొదలైంది. పొద్దుట్నుంచీ పిల్ల ఏమీ తినలేదని ఆయనకి తెలుసు. పళ్ళెం పట్టుకుని వెళ్ళి తలుపు తట్టాడు. "పిడుగా! తిన్నావా?"

లోపల మాట ఆగింది. నలభై మంది నవ్వు వినిపించింది. క్లాసు అవ్వగానే తలుపు విసురుగా తెరుచుకుంది.

"ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా? క్లాసులో ఉంటే తలుపు కొట్టకు! ముప్పై ఏళ్ళొచ్చాయి నాకు, ఆకలేస్తే తిననా?"

"అది కాదమ్మా, నువ్వు పొద్దున్నించీ..."

"వద్దు. రెండు వీధుల అవతల ఆఫీసు గది ఒకటి చూశాను. తాళం కూడా ఇచ్చారు. ఒకటో తారీకు నుంచి అన్ని క్లాసులూ అక్కడే. పొద్దున ఏడుకి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. నీకూ ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

ప్రశాంతం! గోడ అవతల ఆ గొంతు కూడా లేకపోతే ఈ ఇంట్లో ఇంకేముంటుంది? ఫ్రిజ్ చేసే చప్పుడు తప్ప! ఆయన పళ్ళెం తీసుకెళ్ళి వంటగదిలో మూతపెట్టాడు.

మర్నాటికి హోంవర్కు ఉంది. ఒక ప్రశ్న అడిగే పేజీ చెయ్యాలి. సరైన జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి, రాగానే ఆగిపోవాలి. తలుపు కొట్టొద్దంది గానీ హోంవర్కు చెయ్యొద్దనలేదుగా! నాన్న మధ్యాహ్నమంతా కూర్చుని, కళ్ళజోడు పైకీ కిందికీ సర్దుకుంటూ పూర్తిచేసి పంపించాడు.

పొద్దున క్లాసులో కూతురు హుషారుగా ఉంది. "ముందు మన వెనక సీటు గారిది చూద్దాం. ఈయన్ని చూసి నేర్చుకోండి, తెలీకపోతే సిగ్గుపడకుండా అడుగుతారు."

అందరికీ కనిపించేలా తెర మీద పేజీ తెరిచింది. చిన్న పెట్టె ఒకటి పైకొచ్చింది.

"తిన్నావా పిడుగా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. పిడుగు అని ఆమెని పిలిచేవాళ్ళు లోకంలో ఇద్దరే ఉండేవాళ్ళు. ఇప్పుడు ఒక్కరు.

తడబడుతూ "తిన్నాను" అని కొట్టింది. పెట్టె మూసుకుని మళ్ళీ తెరుచుకుంది. "తిన్నావా పిడుగా?" మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. ఏం చెప్పినా వినదు, ఆగదు. "మేడం, ముందు తినేసి రండి!" అని ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు. "పది నిమిషాల్లో వస్తాను," అని ఆమె తెర మూసేసింది.

వంటగదిలో నాన్న తేలు కుట్టిన దొంగలా కూర్చునున్నాడు. ఇయర్‌ఫోన్ చెవిలోంచి తియ్యడం కూడా మర్చిపోయాడు.

"నువ్వా!" కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. "రెండు నెలల్నుంచి నువ్వా? నా క్లాసులో దాక్కుని... ఏంటి నాన్నా ఇది? అందరిముందూ నవ్వులపాలు చేశావు!"

"నువ్వొక్కదానివే చూసుకుంటావనుకున్నానే. అందరికీ చూపిస్తావని నాకేం తెలుసు?"

"నాతో మాట్లాడాలంటే నాతోనే మాట్లాడొచ్చుగా!"

నాన్న తలెత్తాడు. ఆయనకి కోపం రావడం ఆమె చాలా ఏళ్ళకి చూసింది.

"మాట్లాడానుగా. నాన్న అడిగితే 'ఊ' అంటావు. వెనక సీటు అడిగితే పది నిమిషాలు చెప్తావు. 'మంచి ప్రశ్న సార్' అంటావు. మొన్న గీజరు పనిచెయ్యట్లేదంటే ఏమన్నావు? 'అన్నీ నేనే చెప్పాలా' అన్నావు. నువ్వు నవ్వుతావని కూడా మర్చిపోయానే నేను. ఆ క్లాసులోనే విన్నాను మళ్ళీ."

ఆమె లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని వెనక సీటు రాసిన ప్రశ్నలన్నీ వెనక్కి జరుపుతూ చూసింది. బటన్లు, పెట్టెలు, రంగులు. మధ్యమధ్యలో, "మేడం, ఈ రోజు మీ గొంతు బాగాలేదు. వేడినీళ్ళు తాగండి." ఇంకో రోజు, "మేడం, దగ్గుతున్నారు." ఆ రోజుల్లో క్లాసవ్వగానే గది గుమ్మం దగ్గర వేడినీళ్ళ ఫ్లాస్కు ఉండేది. తాగింది కూడా. ఎవరు పెట్టారని ఒక్కసారైనా అనుకోలేదు.

అక్కడే నేల మీద కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది.

"నీతో కూర్చోలేకపోతున్నాను నాన్నా. కూర్చుంటే అమ్మ కుర్చీ కనిపిస్తుంది. ఇప్పుడే వస్తాను, మీరిద్దరూ మాట్లాడుతుండండి అని అమ్మ వెళ్ళినట్టుంటుంది. అందుకే బ్యాచి మీద బ్యాచి పెట్టుకుంటున్నాను. నీ మీద కోపం కాదు, ఒట్టు."

"నాకూ కనిపిస్తుందమ్మా," అన్నాడు నాన్న. "నేను దాని ఎదురుగానే కూర్చుంటాను రోజూ."

ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఇద్దరూ ఎవరి ఏడుపు వాళ్ళే ఏడ్చారు, గోడకి అటొకరూ ఇటొకరూ. ఆ పూట మొదటిసారి కలిసి ఏడ్చారు.

కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుంది. ఆఫీసు గది తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది. "సాయంత్రం తిరిగిచ్చేస్తాను," అంది. అమ్మ కుర్చీ ఆయన పక్కకి లాక్కుని అందులో కూర్చుంది.

"ఇదిగో, తప్పు ఇక్కడుంది. లోపల ప్రతిసారీ అడుగుతున్నావు గానీ, అవతలివాళ్ళు చెప్పింది దాచుకోవట్లేదు. దాచుకుంటేనే కదా సరైనదో కాదో దానికి తెలిసేది."

"ముప్పై నాలుగేళ్ళు టికెట్, టికెట్ అని అడుగుతూ ముందుకి పోవడమేగా నా పని," నాన్న నవ్వాడు. "బస్సెక్కినవాడు పలికాడా లేదా అని ఆగి చూసిందెక్కడ?"

"నేనూ నీ కూతుర్నేగా," అంది ఆమె. ఆయన వేలు పట్టుకుని ఒక్కో అక్షరం కొట్టించి సరిచేసింది. పేజీ మళ్ళీ తెరిచారు. పెట్టె వచ్చింది.

"తిన్నావా పిడుగా?"

ఆమె నెమ్మదిగా కొట్టింది. "ఇంకా లేదు. నువ్వు తిన్నావా నాన్నా?"

నాన్న కళ్ళజోడు సర్దుకుని తెర వంక చూశాడు.

"దీనికి ఏం చెప్పాలో నేను రాయలేదమ్మా," అన్నాడు. "నన్ను ఎవరైనా అడుగుతారనుకోలేదు."