అమూల్య జేబులో ఫ్యూజు

సాయిచంద్ కారు వెనక సీట్లో ఇరుక్కుపోయాడు. అడిగితే ఒప్పుకోడు. "కూర్చున్నాను" అంటాడు.

బయట శ్రావణమాసపు వాన మందమర్రి కాలనీ మొత్తాన్ని తీరిగ్గా తడుపుతోంది. క్వార్టర్ పక్కన రేకుల షెడ్డు కింద కారు. దాని ఎడమవైపు వెనక తలుపు లాక్ పడి, తెరుచుకోనని మొరాయిస్తోంది. కుడివైపు దిగుదామంటే ఆ వైపు గోడకు ఆనించి బండి పెట్టిన ఘనుడు కూడా తనే. ముందు సీట్లోకి పాకి బయటపడదామనుకునేలోగా పక్క క్వార్టర్ అమూల్య షిఫ్టు దిగి, గొడుగేసుకుని వస్తూ కనిపించింది. ఆరడుగుల మనిషి సీట్ల మధ్యలోంచి పాకుతుంటే ఆ పిల్ల చూడటమా? ప్రాణం పోయినా కుదరదు.

అమూల్య ఆగింది. వంగి, కొంచెం దించి ఉన్న అద్దం సందులోంచి చూసింది.

"ఏం జేస్తున్నవ్ లోపట?"

"కూసున్న."

"వానల, కార్ల, ఒక్కనివి?"

"మా కారు. మా ఇష్టం."

"దిగుతలేవా, దిగరాస్తలేదా?"

సాయిచంద్ కాసేపు సీలింగ్ వైపు చూశాడు. "లాక్ పట్టేసింది" అన్నాడు చివరికి.

ఆమె నవ్వింది. చిన్నగా కాదు, గొడుగు ఊగేటట్టు నవ్వింది. అయినా నవ్వుతూనే గొడుగు పక్కన పెట్టి హ్యాండిల్ పట్టుకుంది. "నేను బయటికెల్లి గుంజుత. నువ్వు లోపట నాబ్ పైకి పీకు. ఇద్దరం ఒక్కపారే."

ఇద్దరూ ఒక్కసారే లాగారు. తలుపు తెరుచుకుంది. సాయిచంద్ చొక్కా సర్దుకుని, బ్యాండు మేళం ఎదురొచ్చినంత దర్జాగా దిగాడు.

"థాంక్స్ చెప్తరు మనుషులైతే" అంది అమూల్య.

"ఇంకో నిమిషమైతే నేనే దిగుదును."

ఈ ఇద్దరి తండ్రులూ ఒకే బొగ్గు గనిలో, కాలనీ మాటలో బొగ్గు బాయిలో, పని చేశారు. బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లు. అందుకే సాయిచంద్‌కు అమూల్య తండ్రి రాయమల్లు మామ అయ్యాడు. రాయమల్లు ఎలక్ట్రీషియన్‌గా రిటైర్ అయితే, కూతురు పరీక్ష రాసి, నెగ్గి, అదే పనిలో చేరింది. సాయిచంద్ మంచిర్యాలలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తాడు. తాలూకాలో సగం మంది ఎముకలు అతనికి తెలుసు. పక్కింటి అమ్మాయి మనసులో ఏముందో మాత్రం తెలియదు. తన మనసులో ఏముందో బాగా తెలుసు. అమూల్య అంటే అతనికి ప్రేమ. మంచి రోజు చూసి చెబుదామని ధైర్యంగా ఆగుతూ వచ్చాడు.

ఆ ఆగడమే కొంప ముంచింది. రేపు ఆదివారం అమూల్యను చూసుకోవడానికి హుజూరాబాద్ వాళ్లు వస్తున్నారు. జమ్మికుంటలో రైలెక్కి మంచిర్యాలలో దిగుతారట. అక్కడినుంచి తీసుకురావడానికి రాయమల్లు ఎవరి కారు అడిగాడంటారా? సాయిచంద్ తండ్రి కుమారస్వామిది. కుమారస్వామి "దానికేం బావా, మా సాయిగాడే నడుపుతడు" అని మాటిచ్చేశాడు. పెళ్లికొడుకు దిగాల్సిన తలుపు బాగు చేయడం కూడా సాయిగాడి మీదే పడింది. రేపు ఆ తలుపు తెరుచుకుని వాళ్లు దిగారంటే, ఇక తను చెప్పడానికి ఏమీ మిగలదు.

అమూల్య కొత్త లాక్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. "మెకానిక్ కాడికి తీస్కపోరాదు?"

"ఆయన బోనాలకు అత్తగారింటికి పోయిండు. అయినా గింత పనికి మెకానిక్ ఎందుకు? లోపట మోటారు ఖరాబైంది. పాతది తీసుడు, కొత్తది పెట్టుడు. వీడియో జూసిన."

"వీడియో ఎందుకు? తలుపుకు ఎక్స్‌రే తియ్యకపోయినవా?"

"తీసేటోన్నే. ఊపిరి బిగపట్టుమంటే ఇంటలేదు."

ఇంటికి పోవాల్సిన పిల్ల పోలేదు. సాయిచంద్ స్క్రూడ్రైవర్ ఎత్తగానే "ఆగాగు" అంది. "కరెంటు తీసినవా?"

"తాళంచెవి తీసిన గదా."

"తాళంచెవి తీస్తే కరెంటు పోయినట్టా?" అంటూ ఆమె ముందు ఎడమ తలుపులోంచి దూరి, స్టీరింగ్ కిందికి వంగి, ఫ్యూజు బాక్స్ మూత తీసి, లాకులన్నిటికీ కరెంటు అందించే చిన్న పసుపుపచ్చ ఫ్యూజును ఊడపీకింది. దాన్ని యూనిఫాం జేబులో వేసుకుని గుండీ పెట్టింది.

"జేబులెందుకు? గక్కడ పెట్టు."

"బాయిల గట్ల పెట్టం. ఫ్యూజు తీసినోళ్ల జేబులనే ఉండాలె. పని అయినంక తీసినోళ్లే పెట్టాలె. నడుమ ఇంకెవ్వలు ముట్టద్దు. మా బాపు నాకు నేర్పిన మొదటి పని గిదే."

"గిది కారు తల్లీ. షాక్ గాదు, చక్కిలిగింత గూడ పెట్టదు."

"బాయి అయినా కారు అయినా అలవాటు అలవాటే."

లోపలి హ్యాండిల్ వెనక ఉన్న స్క్రూ తీశారు. తలుపు లోపలి అట్టను చుట్టూ మెల్లగా పైకి లేపారు. ఎక్కడో "టప్" అంది.

"క్లిప్పు ఊడిందా, ఇరిగిందా?"

"రెండూ" అన్నాడు సాయిచంద్ ధీమాగా.

అమూల్య ఫోన్ లైటు పట్టుకుంది. అతను తలుపు లోపలికి చేయి పెట్టి తడుముతున్నాడు. రేకుల మీద వాన చప్పుడుకు దగ్గరగా జరిగితే తప్ప మాట వినిపించదు. అందుకని ఇద్దరూ దగ్గరగానే ఉన్నారు. ఆ వానను సాయిచంద్ మనసులోనే మెచ్చుకున్నాడు.

"మస్తు మనసు పెట్టి చేస్తున్నవ్" అంది ఆమె. "రేపు వచ్చేటోళ్ల కోసమా?"

"మరి? చుట్టాలు తలుపు రాక లోపటనే ఉండిపోతే మంచిగుంటదా?"

"నీకేం పరేషాన్ లేదన్నట్టు."

"నాకెందుకు పరేషాన్?"

మాట జారాక తెలిసింది, అది ఎంత పిచ్చి మాటో. అమూల్య చేతిలోని లైటు తలుపు మీంచి పక్కకు పోయింది.

ఆమే మళ్లీ అంది. గొంతులో ఇందాకటి నవ్వు లేదు. "ఆళ్లకు పెద్ద దుకాణం ఉన్నదట. బాయిల దిగే కోడలు మాకెందుకు, ఉద్యోగం ఇడిసిపెట్టాలె అంటున్నరట. బాపు ముందుగాల రానీ, చూద్దాం అంటుండు. నాకైతే ఇడువబుద్ధి గాదు. నువ్వేమంటవ్ సాయీ?"

సాయిచంద్ తలుపులోంచి చేయి తీశాడు. ఇదే ఆ మంచి రోజు అని అతనికి స్పష్టంగా అర్థమైంది. నోరు తెరిచాడు.

గేటు ముందు హారన్ మోగింది. బాయి జీపు. డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు. "అమూల్యా! నీళ్లు తోడే మోటారు ఆగిందట. రావల్సినాయన రాలే. జర జల్ది రావాలె!"

ఆమె సాయిచంద్ వైపే చూస్తోంది. "చెప్పు, జల్ది."

"నేను... అదే... పైలంగ పోయిరా."

"గంతేనా?" అంది. వెళ్లి జీపెక్కింది.

తనను తాను తిట్టుకోవడానికి సాయిచంద్‌కు చాలా సమయం దొరికింది. తిట్టుకుంటూనే పాత లాక్ బయటికి లాగాడు. కొత్తది కూర్చోబెట్టి, కడ్డీలు తగిలించి, తలుపు అంచున స్క్రూలు బిగించాడు. పరీక్షించకుండా తలుపు మూస్తే అది మళ్లీ తెరుచుకోకపోవచ్చని వీడియోలో చెప్పారు. అందుకే తలుపు తెరిచి ఉంచే, స్క్రూడ్రైవర్‌తో లాక్ నాలుకను లోపలికి నొక్కి, రిమోట్ నొక్కాడు.

చప్పుడు లేదు.

మళ్లీ నొక్కాడు. వైర్లన్నీ మళ్లీ చూశాడు. కొత్త లాక్‌ను తనే పాడు చేశానేమోనని చెమట పట్టింది. అప్పుడు అనుమానమొచ్చి డ్రైవర్ తలుపు చూశాడు. అదీ పలకలేదు. నాలుగు తలుపుల్లో ఒక్కటీ పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యూజు అమూల్య జేబులో ఉంది. అమూల్య బాయిలో ఉంది. పగలబడి నవ్వాడు.

"ఏందిరా, ఒక్కనివే నవ్వుతున్నవ్?" రాయమల్లు చాయ్ గ్లాసులు పట్టుకుని షెడ్డు కిందికి వచ్చాడు. సంగతి విని ఆయనా నవ్వాడు. ఫ్యూజు బాక్స్ మూత లోపల అంటించి ఉన్న స్పేర్ ఫ్యూజు ఊడదీసి అతని చేతిలో పెట్టాడు. "ఇగో. పెట్టు, అయిపాయె."

సాయిచంద్ దాన్ని అరచేతిలో పట్టుకున్నాడు. పెడితే క్షణం పని.

"వద్దు మామ" అన్నాడు. "తీసింది అమూల్య. ఆమెనే పెట్టాలె. అడగకుండ నేను ఇంకోటి పెడితే ఆమె మాటకు ఇలువేమున్నది?"

"గిది కారు రా. బాయి గాదు."

"తెలుసు మామ."

రాయమల్లు ఎడమ చేతి వేళ్లు రెండు వంగిపోయి ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు ఆయన మోటారు విప్పి పని చేస్తుంటే, పై నుంచి ఎవరో తొందరపడి, అడగకుండా ఇంకో ఫ్యూజు పెట్టారు. కాలనీలో అందరికీ తెలిసిన సంగతే. ఆయన ఆ వేళ్ల వైపు చూసుకుని, చాయ్ పూర్తిగా తాగి, అప్పుడు అడిగాడు.

"రేపు అచ్చేటోళ్లు నా బిడ్డను ఉద్యోగం ఇడువమంటున్నరు. నువ్వేమంటవ్?"

అదే ప్రశ్న. ఈసారి హారన్ ఏదీ మోగలేదు.

"ఆమె పని ఆమెది. ఇడువుమని చెప్పనీకె ఆళ్లెవరు, నేనెవరు?" అన్నాడు సాయిచంద్. "ఇంకో మాట గూడ ఉన్నది మామ. గది ముందుగాల అమూల్యకు చెప్పాలె. ఎన్కసీరి నీకు చెప్త."

స్పేర్ ఫ్యూజును దాని చోట మళ్లీ పెట్టేసి, రెయిన్‌కోటు వేసుకుని బైక్ తీశాడు. రాయమల్లు ఆపలేదు.

బాయి గేటు దగ్గరికి అమూల్య వచ్చేసరికి వాన సన్నబడింది. మొహం నిండా బొగ్గు, నుదుటి మీద హెల్మెట్ గీత. మోటారు నడిచినట్టుంది, నడకలో ఆ గర్వం కనిపిస్తోంది. సాయిచంద్‌కు ఆమె ఎప్పుడూ ఇంత అందంగా కనబడలేదు.

"ఎవలి కోసం?" అంది.

"మా ఇంటి ఫ్యూజు ఒకటి మీ కాడున్నది."

"మూతల స్పేర్ ఉంటది. సూడలేదా?"

"చూసిన. మీ బాపు నా చేతిల గూడ పెట్టిండు."

"మరి?"

"తీసింది నువ్వు గదా."

అమూల్య చేయి జేబు గుండీ మీదికి పోయింది. సాయిచంద్ ఇక ఆగదలచుకోలేదు.

"ఇందాక నువ్వడిగినదానికి జవాబు చెప్పలే. ఉద్యోగం ఇడువకు. హుజూరాబాద్ పోకు. నన్ను చేసుకో. నువ్వంటే నాకు పానం అమూల్యా. ఇయ్యాల్టిది నిన్నటిది గాదు."

"నాకెందుకు పరేషాన్ అన్నవ్ గద?"

"అబద్ధం. ఆళ్లు వస్తున్నరని తెలిసిన కాడికెల్లి బువ్వ సహిస్తలేదు."

అమూల్య జేబు గుండీ తీసి, ఫ్యూజును రెండు వేళ్లతో పైకి పట్టుకుంది. "జీపెక్కంగనే యాదికొచ్చింది నాకు. కాలనీ గూడ దాటలే అప్పటికి."

"మరి దిగి ఇయ్యకపోయినవా?"

"ఎందుకియ్యాలె? అడుగనీకెనన్న వస్తవేమోనని నేనే జేబుల ఉంచిన."

"నేను రాకపోతే?"

"రాకపోతే, నాకు నువ్వు అక్కరలేదనుకుందును" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఏడుద్దును గూడ" అంది. వచ్చి బైక్ ఎక్కి, బొగ్గు చేతిని అతని భుజం మీద వేసింది. రెయిన్‌కోటు మీద అయిదు వేళ్ల అచ్చు పడింది. ఇంటికి చేరేదాకా అతను ఆ భుజాన్ని తుడవలేదు.

షెడ్డు కింద రాయమల్లు, ఆయన భార్య సమ్మవ్వ నిలబడి ఉన్నారు. అమూల్య ఎవరితోనూ మాట్లాడకుండా వంగి ఫ్యూజు పెట్టింది. సాయిచంద్ రిమోట్ నొక్కాడు. నాలుగు తలుపులూ ఒక్కసారే "టక్" అన్నాయి. ఆ చప్పుడుకు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

"మామ, ఇందాకటి మాట..." అని సాయిచంద్ మొదలుపెట్టాడు.

"ఆగు. నా బిడ్డను చెప్పనీ." రాయమల్లు కూతురి వైపు తిరిగాడు. "ఇష్టమేనా?"

"ఇష్టమే బాపు."

"నాకు ఎప్పుడో తెలుసు" అంది సమ్మవ్వ. "ఈళ్లిద్దరికే తెల్వకపాయె."

రాయమల్లు ఫోన్ తీశాడు. మళ్లీ అందుకున్న వానకు రేకులు మోగుతున్నాయని, కారు వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. హుజూరాబాద్ వాళ్లకు ఏం చెప్పాడో బయటికి వినిపించలేదు. అద్దంలోంచి ఆయన తల వినయంగా ఊగడం మాత్రం కనిపించింది. మాట్లాడటం అయిపోయింది. ఆయన లోపలి హ్యాండిల్ లాగాడు. సాయిచంద్ ఊపిరి బిగపట్టాడు.

తలుపు మెత్తగా తెరుచుకుంది. రాయమల్లు దిగి, దాన్ని రెండుసార్లు వేసి తీసి చూశాడు. "మంచిగనే చేసిండు" అన్నాడు.

అప్పుడే కుమారస్వామి బజారు నుంచి గొడుగేసుకుని వచ్చాడు. అందరూ కారు చుట్టూ ఉండటం చూసి హుషారుగా అడిగాడు. "ఏం బావా, బాగైందా? రేపు బండి ఎన్ని గంటలు కొట్టంగ కావాలె?"

"బండి వద్దు బావా" అన్నాడు రాయమల్లు. "పెండ్లికొడుకు గోడ అవతలికెల్లే వస్తుండు."

కుమారస్వామి కొడుకును చూశాడు. వాడి భుజం మీద ఉన్న బొగ్గు చేతి అచ్చును చూశాడు. అమూల్య తన చేతిని గబుక్కున వెనక్కి దాచుకుంది.

"గట్లనా" అన్నాడు కుమారస్వామి మెల్లగా నవ్వుతూ. "అయితే పిల్లను చూడనీకె నేను గూడ గొడుగేసుకొని నడుసుకుంటనే వస్త."