నోరెత్తని లంక

కొల్లేట్లో ఆ లంక పేరెత్తితే చేపలు పట్టేవాళ్ళు మాట మార్చేస్తారు. పగటి సంగతైతే ఎంతసేపైనా చెప్తారు. చలికాలం వస్తే ఆ తుమ్మచెట్ల నిండా గూడబాతులేనని, కొమ్మలు విరుగుతాయేమో అన్నన్ని గూళ్ళు పెడతాయని. పొద్దువాలాక మాత్రం అక్కడ ఉండరు, ఉండనివ్వరు. చీకటి పడితే లంక చుట్టూ నీళ్ళల్లో ఎవరో నడుస్తారట... చప్... చప్... అని. మామూలు దెయ్యమైతే ఏడుస్తుంది, నవ్వుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది. ఇది నోరు విప్పదు. అదే వాళ్ళ భయం.

అలాంటి చోటికి, పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో, క్రిస్మస్ వెళ్ళిన నెలలో, మార్తమ్మ పనిగట్టుకుని బయల్దేరింది.

ఆమె భర్త వరదానం ఏలూరులో బడిపంతులు. పక్షులంటే పిచ్చి. అంతకుముందు ఏడు ఇవే రోజుల్లో గూళ్ళు చూస్తానని ఈ లంకకే వచ్చి, రాత్రి ఉండి, తెల్లారేసరికి లేడు. మర్నాడు శవం గడ్డిలో దొరికింది. తీసుకొచ్చిన పడవవాడు వీర్రాజు, పిలిస్తే పలికేంత దూరంలోనే పడుకున్నాడు. కేక వినబడలేదని ప్రమాణం చేసి చెప్పాడు.

దాంతో ఊళ్ళో నోళ్ళకి పని దొరికింది. ప్రాణం మీదికొస్తే కేకెయ్యని మనిషుంటాడా? కావాలనే నీళ్ళల్లోకి దిగాడు. పెళ్ళాం అన్న మాటకి నొచ్చుకుని దిగాడు... సమాధి దగ్గర ప్రార్థనకి సంఘంలో సగంమంది రాలేదు.

మాట అన్న సంగతి నిజమే. "ఆ పిట్టల దగ్గరే ఉండిపొండి, ఇంటికి రాకండి" అంది మార్తమ్మ. కోపంలో అంది. ఏ పెళ్ళాం అనదు? కానీ ఆయన నిజంగానే రాలేదు. నా మాటకే చచ్చిపోయాడా? ఏడాదిగా ఆమెకి అదొక్కటే కావాలి. అది తెలియకుండా ఇంక బతకలేననిపించింది.

తలపండిన వీర్రాజు ముందు వద్దంటే వద్దన్నాడు. ఆమె ఏడ్చేసరికి దోనె తీశాడు.

పొద్దుగూకే వేళకి లంక చేరారు. మార్తమ్మ తలెత్తి చూసి అలాగే నిలబడిపోయింది. ప్రతి కొమ్మ మీదా పక్షే. ముక్కు కింద సంచులు వేలాడేసుకుని, విడిదిలో పెళ్ళివారిలా సర్దుకుని కూచుంటున్నాయి. ఒక తల్లి నోరు తెరిస్తే పిల్ల తలంతా ఆ గొంతులో దూర్చి చేప తింటోంది. రమ్మని ఎన్నిసార్లు బతిమాలాడో ఆయన! ఒక్కసారైనా రాలేదే అని కళ్ళనీళ్ళు తిరిగాయి ఆమెకి.

"గట్టిగా మాట్టాడకండమ్మా," వీర్రాజు గుసగుసగా అన్నాడు. "దీపం ఎలిగించకూడదు. చీకట్లో అదిరితే ఇయ్యన్నీ ఒక్కసారే లేత్తాయండీ. ఆ లేవడంలో పిల్లలు గూళ్ళల్లోంచి రాలిపోతాయి. రాలిందాన్ని తల్లి మళ్ళీ చూడదండీ. అందుకే ఈ నెలల్లో మా లంకోళ్ళం ఇక్కడ నోరెత్తం. తాతల నాటి కట్టుబాటండీ."

అతను లంకకి అవతలి ఒడ్డున దోనెలో పడుకున్నాడు. మార్తమ్మ చెట్ల కింద చాప మీద కూచుంది. వెన్నెల వచ్చింది. నిద్ర మాత్రం రాలేదు.

చప్...

ఊపిరి బిగబట్టింది.

చప్... చప్...

లేచి నిలబడింది. భయం కన్నా అడగాల్సింది ఎక్కువ ఉంది ఆమెకి. "ఏవండీ..." అంది, తనకే వినబడనంత మెల్లిగా. చప్పుడైన వైపు, చదునుగా కనిపించిన గడ్డి మీద అడుగేసింది —

అది నేల కాదు. నీళ్ళ మీద తేలే గడ్డి. కింద ఊబి. మోకాళ్ళు... నడుము... పట్టుకున్న గడ్డి పట్టుకున్నట్టే ఊడొచ్చింది.

నోరు తెరిచింది. కేక గొంతుదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే, తల మీది కొమ్మలో ఒక పిల్ల నిద్రలో కీచుమంది.

మార్తమ్మ నోరు మూసుకుంది.

మూసుకున్నాక గానీ అర్థం కాలేదు. ఆయనకీ వీర్రాజు ఈ కట్టుబాటే చెప్పి ఉంటాడు. ఆయనా ఇలాగే... తల మీద పిల్లలు నిద్రపోతుంటే... ఒక్క క్షణం ఓర్చుకుందాం, ఎలాగో బయటపడదాం అనుకుని ఉంటాడు. ఆ క్షణంలోనే అయిపోయి ఉంటుంది. వానలో తడిసే కుక్కపిల్లని ఇంటికి చేర్చి బడికి ఆలస్యంగా వెళ్ళే మనిషి, గూళ్ళ కింద కేక ఎలా వేస్తాడు? నా మాటకి కాదు. నా మీద కోపంతో కానే కాదు.

బురద రొమ్ముదాకా వచ్చింది. ఏడాదిగా గుండెల మీదున్న బరువు మాత్రం దిగిపోయింది. పెదాలు బిగించి, కళ్ళు మూసుకుంది.

చప్... చప్... చప్పుడు వెనకే వచ్చి ఆగింది.

అంతలో రెండు చేతులు ఆమె జబ్బలు పట్టుకున్నాయి. వీర్రాజు! దోనె అడ్డం పెట్టి, ఒగరుస్తూ, ఎలాగో పైకి లాగి పడేశాడు.

"ఎంత పని చేశారమ్మా! కేక ఇనబడబట్టి సరిపోయింది."

"నేను కేక వెయ్యలేదండీ," అంది మార్తమ్మ.

వీర్రాజు ఆమె వంక చూశాడు. దోనె తొయ్యబోయిన గెడ వదిలేశాడు.

"అవునండీ..." అన్నాడు. "అది మగ గొంతు. దిక్కులు పిక్కటిల్లేటట్టు అరిచింది — 'వీర్రాజుగారూ, మా మార్త పడిపోయింది, రండీ' అని. ఈ వయసొచ్చేదాకా నన్ను గారూ అని పిలిచింది... ఒక్క మాస్టారేనండీ."

ఇద్దరూ తలెత్తి చెట్ల వైపు చూశారు.

అంత కేకకీ లంక మీద ఒక్క గూడబాతు కూడా లేవలేదు. వీపు మీది ఈకల్లో ముక్కులు దూర్చుకుని, పిల్లలతో సహా, అన్నీ నిద్రపోతున్నాయి.