చెయ్యి లేని సంతకం

మంత్రిగారి ఆఫీసు మూడో అంతస్తులో చివరి గదికి చెడ్డపేరు. చీకటి పడితే లోపల ఎవరో కలంతో గీకుతున్న చప్పుడట. పదవిలో ఉండగానే పోయిన పాత మంత్రిగారు మిగిలిన ఫైళ్లు పూర్తిచేసుకుంటున్నారని వాచ్‌మన్ ఒట్టేసి మరీ చెప్పేవాడు.

"పోనీలే, దెయ్యానికైనా పని మీద శ్రద్ధుంది!" అని ఆయన తర్వాత వచ్చిన మంత్రిగారు పకపకా నవ్వేవారు. సభల్లో పులిలా గర్జించే మనిషి. ఇంట్లో బల్లి కనబడితే మంచమెక్కేస్తారు. ఆ సంగతి తర్వాత ఆయనే చెప్పుకున్నారు లెండి.

ఓ రాత్రి మర్చిపోయిన కళ్లజోడు కోసం ఒంటరిగా వెనక్కొచ్చారు. అది పెట్టుకుని బయటపడబోతుంటే —

గర్ర్... గర్ర్... టక్.

చివరి గదిలోంచే.

కాళ్లేమో లిఫ్టు వైపు లాగుతున్నాయి. పరువేమో ముందుకు తోస్తోంది. తలుపు మెల్లగా నెట్టారు...

మసక వెలుతురు. బల్ల మీద కలం ఒక్కటే నిటారుగా నిలబడి సంతకం పెడుతోంది. పట్టుకున్న చెయ్యి లేదు. పోనీ పాత మంత్రిదా అంటే — కాదు, తనదే! అదే తోక, కింద అవే రెండు చుక్కలు.

'అయితే... పోయింది నేనా?'

గిల్లుకున్నారు. నొప్పేసింది. అయినా నమ్మకం కుదరలేదు.

అప్పుడే వెనకనుంచి — "అయ్యగారూ..."

ఆయన పెట్టిన కేక కింద గేటు దాకా వినిపించిందట.

"నేనండీ," అంటూ ఆఫీసు సూపరింటెండెంటమ్మ గబగబా లైటు వేసింది. కలాన్ని పట్టుకున్న సన్నటి ఇనుప కడ్డీ కనబడింది. "సంతకాల మిషనండీ. మీది అచ్చుగుద్దినట్టు పెడుతుంది. పగలైతే నలుగురూ చూస్తారని..."

"ఎవరు పెట్టమన్నారు?"

"మీరేనండీ. వచ్చిన వారానికే తలూపారు. రెండేళ్లయింది."

ఆయన పై కాగితం అందుకున్నారు. 'మీ విజ్ఞప్తి అందినది. పరిశీలనలో ఉన్నది.' చిరునామా చూస్తే — సొంత అక్క!

ఆవిడ రాసిన ఉత్తరం వెతికించి చదివారు. 'ఒరేయ్, సోమవారం నాకు ఆపరేషను. ఫోను చేస్తే మీవాళ్లు నేనెవరని అడుగుతున్నారు. ఒక్కసారి కనబడరా.'

"ఇది మూడోదండీ," అంది సూపరింటెండెంటమ్మ తలొంచుకుని. "మొదటి రెండింటికీ... ఇదే జవాబు వెళ్లింది."

మిషను ఆపించి, కలం తన చేతిలోకి తీసుకున్నారు.

అక్కడే కూర్చుని స్వయంగా రాశారు — 'అక్కా, తప్పయిపోయింది. రేపొస్తున్నాను.' అలవాటు తప్పిన చెయ్యి. సంతకం కోడి కెలికినట్టొచ్చింది. తెల్లారేసరికి డ్రైవరు దాన్ని అక్క చేతికిచ్చి వచ్చాడు.

ఏడింటికల్లా ఫోను మోగితే ఈసారి ఆయనే ఎత్తారు. అక్క గొంతు తగ్గించి, కంగారుగా —

"ఒరేయ్, జాగ్రత్తరా! ఎవడో నీ పేరుతో దొంగ ఉత్తరం పంపాడు. నీ సంతకం నాకు తెలీదూ? రెండున్నాయి నా దగ్గర!"

మంత్రిగారు వెంటనే కారెక్కారు... మొహమైనా పోల్చుకుంటుందో లేదోనన్న భయంతో.